సునంద తినని భోజనాలు

2021 చివర్లో, కరోనా తర్వాత కాలేజీలు మళ్లీ తెరిచినప్పుడు, నేను కరీంనగర్ శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ అమ్మాయిల హాస్టల్లో మెస్ ఇన్‌ఛార్జిగా ఉన్నాను. అప్పటికి ఆ పనిలో పదకొండేళ్లు. మెస్ అంటే వండించడమే అనుకుంటారు బయటివాళ్లు. పొద్దున్నే నేను ముందుగా చూసేది స్ట్రెంత్, అంటే ఆ పూట ఎంతమంది తింటారన్నది. దాన్ని బట్టే స్టోరు నుంచి బియ్యం, పప్పు తీయిస్తాం. అన్నం మిగలకుండా, తక్కువ పడకుండా పూట గడిస్తే నాకు చాలు. ఆ విషయంలో నాకు మంచి పేరే ఉండేది.

సునంద ఆ ఏడాదే చేరింది. ఆదిలాబాద్ జిల్లాలో మహారాష్ట్ర సరిహద్దు పల్లె వాళ్లది. ఇంట్లో పత్తి సేద్యం. వచ్చిన రెండో రోజు కౌంటర్ దగ్గర నిలబడి మా వంటమనిషి రాజవ్వను అడిగింది.

"పెద్దమ్మా, భాకర్ లేదా?"

"ఏంది బిడ్డా?"

"భాకర్... గదే, జొన్నలది."

ఆ వైపు జొన్నరొట్టెను అలాగే అంటారు. వెనక వరుసలో ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. చెడ్డ ఉద్దేశం లేదు, ఆ పిల్ల అడిగిన తీరు ముద్దుగా అనిపించింది. కానీ నేను నవ్వడం అందరూ చూశారు. సాయంత్రానికల్లా సునంద పేరు భాకర్ అయిపోయింది.

వారం తర్వాత ఆమె కంచం గదికి తీసుకుపోవడం మొదలుపెట్టింది. మా దగ్గర అది కుదరదు. గదుల్లో చీమలు పడతాయి, కంచాలు తిరిగి రావు. ఒక మధ్యాహ్నం గుమ్మంలోనే ఆపాను.

"ఇక్కడనే కూసొని తినాలె. రూల్ అందరికి ఒక్కటే."

"జర పోనియ్యుండ్రి మేడమ్. కంచం నేనే కడిగి తెచ్చిస్త."

"నీకొక్కదానికి ఇస్తే రేపు అందరు అడుగుతరు."

ఆమె హాలు వైపు ఒకసారి చూసింది. వడ్డించిన కంచాన్ని అలాగే బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. పొగరు అనుకున్నాను.

ఆ తర్వాత మెస్ రిజిస్టర్లో ఆమె సంతకాలు తగ్గాయి. టిఫిన్‌కు లేదు, మధ్యాహ్నం లేదు, రాత్రి ఎప్పుడో ఒకసారి. నేను గమనించలేదని చెప్పను. రోజూ చూశాను. రాజవ్వ అడిగింది కూడా.

"మేడమ్, గా ఆదిలాబాద్ పోరి సరిగ తింటలేదు. ఒకసారి మాట్లాడరాదుండ్రి?"

"బిస్కెట్లు, నూడుల్స్ తింటరు గీ పిల్లలు. ఆకలైతే అదే వస్తది," అన్నాను. స్ట్రెంత్‌లో ఒకటి తగ్గించుకున్నాను.

రెండు నెలలు కాకముందే సునంద ల్యాబ్‌లో కళ్లు తిరిగి పడిపోయింది. రక్తం బాగా తగ్గిందన్నారు డాక్టరు. మర్నాడు వాళ్ల బాపు విఠల్ వచ్చాడు. భోజనాల వేళ కావడంతో కూర్చోబెట్టి వడ్డించాను. అన్నం, పప్పు, వంకాయ కూర నెమ్మదిగా తిన్నాడు. మెతుకు వదల్లేదు. చెయ్యి కడుక్కుని వచ్చి నన్ను అడిగాడు.

"అన్నం మంచిగనే ఉన్నది మేడమ్. మరి మా పోరి ఎందుకు తినలే?"

గొంతులో నింద లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

పైన గదికి వెళ్తే సునంద బ్యాగు సర్దుకుంటోంది. "రొట్టె కావాల్నని ఒక్కసారి చెప్తే చేయిస్తుంటి గద బిడ్డా," అన్నాను.

"రొట్టె కోసం కాదు మేడమ్. నేను పోయి కూసుంటే ఆ బల్ల మీదోళ్లంత ఒకల మొకం ఒకలు చూసుకొని నవ్వుకుంటుండ్రి. ముద్ద గొంతు దిగకపోతుండె. మీకు చెప్దామనుకున్న. కని ఆ దినం మీరు గూడ నవ్విండ్రు గద."

తప్పయిందన్న మాట నోటిదాకా వచ్చింది. అప్పుడే వాళ్ల బాపు గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఆయన ముందు ఆ మాట అనలేకపోయాను. "ఆరోగ్యం మంచిగ చూసుకో," అని మాత్రం అన్నాను.

సునంద మళ్లీ రాలేదు. చదువు రాక పోయిన పిల్ల కాదు, మొదటి పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. ఏడాది పోయాక ఇంటి దగ్గరే డిగ్రీలో చేరిందని ఆమె రూమ్మేట్ చెప్పింది. నంబరు తీసుకుని ఫోన్ చేశాను. "మంచిగనే ఉన్న మేడమ్," అంది. రాజవ్వ ఎట్లుందని అడిగింది. ఈసారి తప్పయిందని చెప్పాను. "అయ్యో, గదంత ఎప్పటిదో," అని మాట మార్చింది. అంత మర్యాదగా మాట్లాడకుండా ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

ఇప్పుడు కొత్త పిల్లలు వచ్చిన మొదటి నెల నా కంచం పట్టుకుని వాళ్ల మధ్యనే కూర్చుంటాను. వరసగా రెండు పూటలు సంతకం లేకపోతే గదికి వెళ్లి తలుపు తడతాను. కొందరు విసుక్కుంటారు, విసుక్కోనీ. ఇల్లు వదిలి వచ్చిన పిల్లకు క్లాసులో పాఠం కంటే ముందు ఎదురయ్యే ప్రశ్న, కంచం పట్టుకుని ఎవరి పక్కన కూర్చోవాలన్నది. ఇంత చిన్న సంగతి నాకు తెలియడానికి సునంద ఇంజనీరింగ్ చదువు పోవాల్సి వచ్చింది.