రాజనర్సుకు వైరాగ్యం రాలేదు

రెండేళ్ల కింద, ఎండలు ముదిరిన రోజుల్లో, రాజనర్సు నడిపే మరమగ్గాల పైనున్న పంకాను విప్పి షెడ్డు యజమాని సేఠ్ కొత్త ఆఫీసు గదిలో బిగించారు. సూరత్ దగ్గర పల్సానాలోని ఆ షెడ్డులో అందరి నెత్తిమీదా పంకాలున్నాయి. ఈయన పంకానే ఎందుకు విప్పారంటే, ఈయన ఏమీ అనడు గనుక. నిజంగానే అనలేదు. అంగీ విప్పి కొక్కేనికి తగిలించి, బనీను మీద పని చేసుకున్నాడు.

ఏమీ అనకపోయేసరికి తోటివాళ్లు ఆయనకో బిరుదిచ్చారు.

"మా బావకు వైరాగ్యమొచ్చింది. ఎండా వానా ఒక్కటే" అనేవాడు పక్క మరమగ్గాలు, వాళ్ల మాటలో సాంచాలు, నడిపే మల్లేష్, తన పంకా గాలికి జుట్టు ఎగురుతుండగా.

ఈ వైరాగి సంగతి ఇంట్లో అడగాలి. చాయిలో చక్కెర తక్కువైతే కప్పు పక్కకు జరిపి గోడ వైపు చూస్తాడు. కూలర్ ముందు చోటు కోసం కూతురు హారతితో రోజూ పంచాయితీ.

మొన్నొక మధ్యాహ్నం, మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి భార్య పద్మారాణి షెడ్డుకొచ్చింది. అన్నాల వేళ, సాంచాలు ఆగి ఉన్నాయి. ఆమె పైకి చూసింది.

"నీ పంకా ఏదయ్యా?"

"బావకు అవుసరం లేదక్కా, వైరాగ్యం" అన్నాడు మల్లేష్.

"గట్లనా. మొన్న కోడికూరల కార్జం హారతికేసిన్నని రెండు రోజులు మూతి ముడుసుకున్నడు. గదేం వైరాగ్యం?"

అందరూ నవ్వారు. రాజనర్సు కూడా నవ్వాడు. తర్వాత డబ్బా మూత తీస్తూ, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

"అడిగితె ఏమొస్తదని ఊకున్న. యాష్టకొచ్చింది. పోయిన ఎండలల్ల సాంచ మీద రెండుసార్లు కండ్లు తిరిగినయ్."

పద్మారాణికి ఆ సంగతి తెలియదు. షెడ్డులోనూ ఎవరికీ తెలియదు.

వైరాగ్యం అనే మాట పుట్టుక చూడండి. రాగమంటే మనసుకు పట్టిన ఇష్టం. రంగు అని కూడా అర్థం. అది లేకుండా పోవడం విరాగం, దాన్నుంచే వైరాగ్యం. ఉన్నదాన్ని తనంతట తాను వదులుకున్నవాడికి చెల్లే మాట అది. రాజనర్సు ఏం వదులుకున్నాడు? ఆయన దగ్గరున్నది విప్పుకుపోయారు. దానికి సరైన మాట ఆయన నోటే వచ్చింది, యాష్ట, అంటే విసిగి వేసారిపోవడం. ఈ సూరత్‌లో చీర రంగు వెలిస్తే దానికి వైరాగ్యం వచ్చిందని ఎవరూ దండం పెట్టరు. అద్దిన మిల్లుకు తిప్పి పంపుతారు. మనిషి వెలిసిపోతే మాత్రం మెచ్చుకుంటాం.

షెడ్డులో మల్లేష్ తన డబ్బా మూసి లేచాడు. "లే బావా, సేఠ్ తానకు పోదాం" అన్నాడు.

తోటివాళ్లు నలుగురు వెంట వెళ్లారు. అడిగింది మాత్రం రాజనర్సే. "సేఠ్, నా పంకా నాకు కావాలె" అన్నాడు, తనకొచ్చిన హిందీలో. సేఠ్ చూద్దామన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు, ఆ పంకా కిందే కూర్చుని.

పల్సానాలో, ఆ దగ్గరి సచిన్ ఊళ్లో సాంచాలు నడిపే అన్నలారా, రేపు షెడ్డులోకి పోగానే పక్కవాడి నెత్తిమీదికి ఒకసారి చూడండి. అక్కడ పంకా లేకపోతే ఆయన ఓపికను పొగడకండి. ఆయన వెంట సేఠ్ గదిదాకా నడవండి.