నాయిన చేతి రొట్టె

మా నాయిన మిర్యాలగూడలో రైస్ మిల్లు హమాలీ. ఆదివారం మాత్రం పాస్టర్. మిల్లుల వెనకాల రేకుల షెడ్డులో మా సంఘం కూడుతుంది. అంతా కలిపి నలభై మందిమి. బస్తాలు మోసేవాళ్లు, వడ్లు ఎండబోసే ఆడవాళ్లు, ఇద్దరు లారీ డ్రైవర్లు. ఆదివారం పొద్దున "వందనాలు అయ్యగారూ" అని చేతులు జోడించినవాళ్లే సోమవారం "ఏందయ్యా, ఇంకెంతసేపు చాయ తాగుతవ్, లారీ నిలబడ్డది" అని కేకలేసేవాళ్లు. ఆయనకు రెండు పిలుపులూ ఒకటే.

వాక్యం చెప్పేవాడు, దవాఖానలో ఉన్నవాళ్ల కోసం ప్రార్థన చేసేవాడు, ఎవరైనా పోతే సమాధి దాకా నడిచేవాడు. ఒక్క ప్రభువు బల్ల మాత్రం ఇచ్చేవాడు కాదు. నెలలో మొదటి ఆదివారం రొట్టె విరిచి, ద్రాక్షరసంతో పాటు అందరికీ పంచే పని, సంఘ పెద్దలు తల మీద చేతులుంచి అభిషేకం చేసిన పాస్టర్‌ది. నాయినకు అభిషేకం లేదు. అందుకని కోదాడ నుంచి ఒక అయ్యగారు బస్సులో వచ్చేవాడు. ఆయన వచ్చేదాకా పాటలు పాడుతూ కూర్చునేవాళ్లం. బస్సు ఆలస్యమైతే తెలిసిన పాటలన్నీ అయిపోయి మళ్లీ మొదటి పాట అందుకునేవాళ్లం. రొట్టె చేసేది మా అమ్మ. ఆ రొట్టెను కోదాడ అయ్యగారు విరుస్తుంటే నాయిన పక్కన పళ్లెం పట్టుకుని నిలబడేవాడు. ఇరవై ఏళ్లు అట్లా పళ్లెం పట్టాడు. నా జనానికి ఒక్కసారైనా నా చేత్తో నేను బల్ల ఇయ్యాలె అన్నది ఆయన కోరిక. అంతకు మించి ఆయన ఏదీ కోరుకోగా నేను వినలేదు.

సూర్యాపేటలో ఉండే సంఘ పెద్దలు, థియాలజీ సర్టిఫికెట్ తెస్తే అభిషేకం చేస్తామన్నారు. ఆ చదువు చెప్పే సెమినరీలో చేరాలంటే మూడేళ్లు అక్కడే ఉండి చదవాలి. మిల్లు మానేసి మూడేళ్లు ఎక్కడుంటాడు? నేను సూర్యాపేటలో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. ఒకరోజు లంచ్ టైంలో ఫోన్ చూస్తుంటే ఉచితంగా థియాలజీ నేర్పే ఆన్‌లైన్ కోర్సు కనిపించింది. తెలుగులో పాఠాలు, తెలుగులోనే పరీక్షలు. అక్కడికక్కడే ఫారం నింపాను. మెయిల్ నాది, ఓటీపీ వచ్చేది నా ఫోన్‌కు. ఆ ఊపులో పేరు దగ్గర కూడా నా పేరే కొట్టేశాను. సర్టిఫికెట్ ఆ పేరుతోనే వస్తుందని రెండో వారమే అర్థమైంది. పేరు మార్చుకునే వీలు అప్పుడుంది. మారుస్తాలే అనుకున్నాను. నా సంగతి నాకు తెలుసు, పిల్లల నోటుబుక్కులు కూడా చివరి రోజుదాకా దిద్దను.

చదువు ఇట్లా సాగింది. పాఠాల వీడియోలు నేను డౌన్‌లోడ్ చేసి నాయినకు పంపేదాన్ని. ఆయన మిల్లు గోడ నీడలో కూర్చుని చూసేవాడు. ప్రశ్నలు చదివి వినిపిస్తే, మరునాటికి జవాబులు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లుగా వచ్చేవి. వాటిలో మిల్లు మోత, లారీ హారన్లు, మధ్యలో "ఇగ లెవ్వు, బస్తాలున్నయ్" అని ఎవరిదో గొంతు. నేను విని టైప్ చేసేదాన్ని. ఒక్క మాట కలిపేదాన్ని కాదు. దేవుని కృప గురించి చెప్పమంటే, నూకలు ఏరుకోవడానికి వచ్చిన ముసలమ్మకు మేస్త్రి ఒకసారి అడగకుండానే సన్నబియ్యం పోసిన సంగతి చెప్పాడు. పేపర్ దిద్దిన మాస్టారెవరో, దాని కింద 'చాలా బాగుంది' అని రాశాడు. నాయినకు చదివి వినిపిస్తే రెండు రోజులు మనిషి నేల మీద లేడు.

ప్రభువు బల్ల గురించి కూడా ఒక ప్రశ్న వచ్చింది. బల్ల ఇచ్చే అధికారం ఎవరిది, ఎందుకు? దానికి ఆయన జవాబు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "రొట్టె విరిశే అధికారం సంఘం ఇయ్యాలె. ఎవరికి వాళ్లు తీసుకుంటే గది దొంగతనం అయితది. ఆకలైతుందని అడగకుండ మిల్లుల బియ్యం ఎత్తుకపోతమా?" ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు పడ్డాయి.

రెండేళ్లకు ఆఖరి పరీక్ష అయింది. సర్టిఫికెట్ వచ్చింది, నా పేరుతో. మార్చడానికి చూస్తే అప్పటికే కోర్సువాళ్లు పేరు గడి మూసేశారు. నాయిన గుర్తింపు కార్డు పంపాలి, ఆయనే చదివాడని వీడియో కాల్‌లో నోటి పరీక్ష పెట్టి తేల్చుకోవాలి, దానికి మూడు నెలల తర్వాత తేదీ ఇస్తామన్నారు. నాయిన అడిగితే, "వాళ్ల కంప్యూటర్ల ఏందో తప్పు పడిందట నాయినా" అన్నాను. అంత తేలిగ్గా అబద్ధం వచ్చింది. అమ్మ మాత్రం నవ్వింది. "పేరు దానిదైతే దాన్నే ఇయ్యమను బల్ల. నువ్వు పళ్లెం పట్టుకో, నీకెట్లాగూ అలవాటేనాయె." ముగ్గురం నవ్వుకున్నాం. మా ఇంట్లో అంత గట్టిగా నవ్విన ఆఖరి రోజు అదే.

అప్పటికే అమ్మ కడుపులో నొప్పి అంటోంది. గ్యాస్ అనుకుని గోళీలు మింగింది. సూర్యాపేట దవాఖానకు తీసుకొచ్చేసరికి గడ్డ ముదిరిపోయింది. కొన్నాళ్లు ఉంచుకుని, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నేను స్కూలుకు సెలవు పెట్టి ఇంటికి వచ్చేశాను.

ఒక బుధవారం మధ్యాహ్నం అమ్మ నాయినను పిలిచింది. గొంతు సన్నగా ఉంది కానీ మాట స్పష్టంగా ఉంది.

"నాకు బల్ల కావాలె."

"ఆదివారం అయ్యగారొస్తడు గదా."

"ఆదివారం దాక నేనుండ."

నాయిన బయటికెళ్లి కోదాడ అయ్యగారికి ఫోన్ చేశాడు. ఆయన ఎక్కడో కోస్తాలో మీటింగుల్లో ఉన్నాడు. స్పీకర్‌లో నేనూ విన్నాను. "శుక్రవారానికి గానీ రాలేను బ్రదర్. ఈలోపు మీరే ఇచ్చేయండి. అంత బాధలో ఉన్న మనిషికి రూల్స్ ఏంటండీ, దేవుడు చూసుకుంటాడు" అన్నాడు. నాయిన "సరే అయ్యగారూ" అని పెట్టేశాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. పొయ్యి మీద పెనం పెట్టాను. పిండి కలుపుతుంటే నాయిన వచ్చి గడప దగ్గర కూలబడ్డాడు.

"నాతోని కాదు బిడ్డా. నాకు అధికారం లేదు."

"అయ్యగారే ఇయ్యమన్నడు గదా!"

"గాయన ఒక్కడు ఫోన్ల చెప్తే అయితదా? సంఘం ఇయ్యాలె. పెద్దలు చేతులుంచాలె. గదే రాసినం గదా."

నాకు ఒళ్లు మండిపోయింది. పిండి చేతులతోనే లేచాను. "రాసింది మార్కుల కోసం! గీడ అమ్మ పోతున్నది, నీకు పరీక్ష గుర్తొస్తున్నదా?" అని అరిచాను. పక్కింటివాళ్లు బయటికొచ్చి చూశారు.

"మార్కుల కోసం చెప్పలే. నమ్మి చెప్పిన" అన్నాడు. ఏడుస్తున్నాడు. చదవక ముందైతే ఇచ్చేవాడేమో. కూలివాడి మంచితనంతో, ఆలోచించకుండా, భార్య అడిగిందని ఇచ్చేవాడు. నేనే పాఠాలు పంపి, నేనే ప్రశ్నలు చదివి వినిపించి ఆయన చేతులు కట్టేశాను. పేరు సరిగ్గా రాసి ఉంటే ఆ సర్టిఫికెట్ ఎప్పుడో పెద్దల చేతికి వెళ్లేది, అభిషేకం కూడా అయ్యేది. ఆ మాట నా నోటి చివర దాకా వచ్చింది. చెప్పలేదు. అమ్మ లోపలి నుంచి, "ఊకో బిడ్డా, గాయనను పరేషాన్ చెయ్యకు. శుక్రవారం దాక ఉంట తియ్" అంది.

ఉండలేదు. శుక్రవారం పొద్దున పది గంటలకు పోయింది. కోదాడ అయ్యగారు పన్నెండు గంటల బస్సుకు దిగాడు. చేతిలో సంచి. అందులో రొట్టె, చిన్న సీసాలో ద్రాక్షరసం. వాకిట్లో జనాన్ని చూసి ఆ సంచి ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

తర్వాత వీడియో కాల్ జరిగింది. గంటసేపు అడిగిన ప్రతిదానికీ నాయిన తన మాటల్లో జవాబు చెప్పాడు. వారం తిరక్కుండా ఆయన పేరుతో సర్టిఫికెట్ వచ్చింది. సూర్యాపేటలో పెద్దలు తల మీద చేతులుంచి అభిషేకం చేశారు. ఫోటోల్లో నాయిన కొత్త తెల్లచొక్కాలో ఎవరి పెళ్లికో వచ్చిన మనిషిలా ఉన్నాడు.

ఆ పై నెల మొదటి ఆదివారం మా షెడ్డులో ఆయన మొదటిసారి బల్ల ఇచ్చాడు. రొట్టె నేను చేశాను, గట్టిగా వచ్చింది. ఆయన విరుస్తుంటే చప్పుడు వెనక వరస దాకా వినపడింది. మగవాళ్లకు ఇచ్చి, ఆడవాళ్ల వైపు వచ్చి, నా ముందు ఆగాడు. నేను చెయ్యి చాపలేదు. "అమ్మకియ్యనిది నాకొద్దు" అన్నాను. ఆయనకు మాత్రమే వినపడేలా అన్నాననుకున్నాను కానీ నా పక్కనున్న ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయిన ముందుకు వెళ్లిపోయాడు.

బల్ల ఇచ్చే మనిషి అందరికీ ఇచ్చాక ఆఖరున తాను తీసుకుంటాడు. ఆ రోజు నాయిన పళ్లెం బల్ల మీద పెట్టి, పైన గుడ్డ కప్పి, ప్రార్థన మొదలుపెట్టాడు. తీసుకోలేదు. అందరూ కళ్లు మూసుకున్నారు, నేను మూసుకోలేదు కాబట్టి చూశాను. తర్వాతి నెల కూడా అంతే. మూడో నెల నేను చెయ్యి చాపాను. ఆయన నాకు ఇచ్చాడు, తాను మాత్రం తీసుకోలేదు.

ఆ రోజు జనం వెళ్లిపోయాక షెడ్డు బయట నల్లా దగ్గర కూర్చుని ద్రాక్షరసం పోసిన చిన్న గ్లాసులు కడుగుతున్నాడు. పక్కన కూర్చున్నాను.

"నువ్వెందుకు తీసుకుంటలేవు నాయినా?"

"మీ అమ్మకియ్యని చెయ్యి బిడ్డా ఇది. దీంతోని నేనెట్ల తినాలె?"

ఇక ఆగలేకపోయాను. అంతా చెప్పేశాను. కంప్యూటర్ల తప్పు కాదని, పేరు తప్పు కొట్టింది నేనేనని, మార్చే వీలుండి కూడా రెండేళ్లు బద్ధకించానని, "నాయినా, తప్పు నాది, నువ్వు తీసుకో" అని ఏడ్చాను. తిడతాడనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

ఆయన గ్లాసు కడగడం ఆపి నా వైపు చూశాడు.

"పేరు నువ్వు తప్పు రాసినవ్" అన్నాడు. "ఇయ్యనన్నది నేను."

మళ్లీ నల్లా తిప్పి ఇంకో గ్లాసు అందుకున్నాడు.