బ్యాడ్జీలో మీసం

కువైట్‌లో అమెరికా వాళ్ల సైనిక స్థావరంలో నా పని కూరలు వడ్డించడం. మిలిటరీలో ఉన్నానని మా ఊళ్లో కొందరు అనుకునేవారు, నేనూ కాదనలేదు. నిజానికి నన్ను పెట్టుకున్నది ఒక కాంట్రాక్టు కంపెనీ. మా క్యాంపు గేటు బయట ఉండేది. తెల్లారకముందే బస్సెక్కాలి, గేటు దగ్గర దిగాలి, ఫోను అక్కడే పెట్టేయాలి, బూట్లు విప్పాలి. కుక్క మా చుట్టూ తిరిగి వాసన చూశాక బ్యాడ్జీ చూపించి లోపలికి వెళ్లాలి. ఆ తర్వాత తలకి వల, చేతులకి తొడుగులు, ఒక గరిటె. ప్లేటు పట్టుకొచ్చిన ప్రతి కుర్రాడూ "ఎలా ఉన్నావు?" అని అడుగుతాడు, జవాబు కోసం ఆగడు. మొదట్లో వాడి వీపుకే జవాబు చెప్పేవాణ్ణి. మిగిలిన కోడిమాంసం ట్రేలకి ట్రేలు చెత్తలో పోయాలి, మేం నోట పెట్టుకోకూడదు. దానికీ అలవాటు పడ్డాను. అలా అలవాటు పడినందుకు నా మీద నాకే అసహ్యం వేసేది.

అన్నయ్య పొద్దున్న పోతే నాకు సాయంత్రం గేటు దాటి ఫోను తీసుకున్నాక తెలిసింది. ఆయనకి పిల్లల్లేరు. అమ్మా నాన్నా నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఆయనే. తలకొరివి పెట్టాల్సింది నేను.

తోడబుట్టినవాళ్లు పోతే సెలవు లేదన్నాడు సూపర్‌వైజరు. తల్లిదండ్రులో భార్యాబిడ్డలో అయితేనే ఇస్తారట. ఆయనే నాకు తండ్రి అని చెప్పాను. కాయితం ఉందా అన్నాడు. నా పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంది. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. అదీ చేసేవాణ్ణే, అడ్డంగా బల్ల ఉంది.

వదిన ఫోన్లో అంది: "నువ్వు రాలేవని తెల్సు బాబూ. మీ పెదనాన్నగారబ్బాయి చేస్తానన్నారు. మనసులో ఏం పెట్టుకోకు."

గోదావరి ఒడ్డున ముక్తేశ్వరం రేవులో అన్నయ్య చితి పక్కన నా బదులు ఇంకొకాయన తడిబట్టలతో నిలబడి ఉండడం ఎవరో పంపిన వీడియోలో చూశాను. విపరీతంగా కోపం వచ్చింది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను.

పదోరోజుకి ఆగలేకపోయాను. క్యాంపులో జుట్టు కత్తిరించే తమిళతని ముందు కూర్చుని గుండు గీయించుకుని మీసమూ తీయించేసుకున్నాను. అంత దూరంలో ఉండి అన్నయ్యకి చేయగలిగింది అదొక్కటే అనిపించింది. మర్నాడు గేటు దగ్గర సైనికుడు బ్యాడ్జీ చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ బ్యాడ్జీ చూశాడు. ఫొటోలో ఒత్తయిన జుట్టు, గుబురు మీసం. వేలిముద్ర సరిపోయింది గానీ మొహం సరిపోలేదన్నాడు. అన్నయ్య పోయాడు, మాలో ఇది ఆచారం అని నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. సారీ అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు పాపం, బ్యాడ్జీ మాత్రం ఉంచేసుకున్నాడు.

కొత్త బ్యాడ్జీ కావాలంటే కంపెనీ రాసి ఇవ్వాలి. అప్పటికే వాళ్లు మనుషుల్ని తగ్గిస్తున్నారు. లోపలికి వెళ్లలేనివాణ్ణి తీసేయడం వాళ్లకి తేలిక. సెలవడిగితే దొరకని టికెట్టు అప్పుడు వెంటనే దొరికింది. పాస్‌పోర్టు కూడా చేతికిచ్చి దండం పెట్టి మరీ పంపించారు.

నేను ఇంటికి చేరేసరికి పెద్దకర్మ అయిపోయింది, పందిరి కూడా విప్పేశారు. వదిన నా తల నిమిరి ఏడ్చింది. ఆ సాయంత్రమే పురోహితుడుగారి ఇంటికి వెళ్లాను.

"నెలనెలా మాసికాలైనా నా చేత పెట్టించండి" అన్నాను.

"మధ్యలో కర్త మారకూడదండీ. సంవత్సరీకం దాకా మీ పెదనాన్నగారబ్బాయే పెట్టాలి" అన్నారాయన మెల్లిగా. నన్ను ఓదార్చడానికి కాబోలు, "అయినా మీరు మళ్లీ వెళ్లిపోతారు కదండీ, ప్రతినెలా ఎలా వస్తారు?" అన్నారు.

"ఇంక వెళ్లనండీ. ఇక్కడే ఉంటాను."

"ఆయ్" అని ఆయన తల దించుకున్నారు.