ఏడాది పాటల క్యాసెట్, అంచున రెండు చిల్లులు

1987 డిసెంబరు ఆఖరి వారం, దిల్‌సుఖ్‌నగర్. మా రికార్డింగ్ సెంటర్‌లో ఒక పాత క్యాసెట్‌ను డెక్‌లో పెడుతుంటే దాని అంచున నా బొటనవేలికి సెలోటేపు తగిలింది. రికార్డ్ మీట మీదికి వెళ్ళిన వేలు అక్కడే ఆగింది. ఏదో పొరపాటు జరగబోతోందనిపించింది.

సెలోటేపులో వింతేమీ లేదు. క్యాసెట్ వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి. వాటిని ట్యాబ్‌లు అంటాం. అవి ఉంటేనే రికార్డ్ మీట కిందికి దిగుతుంది. విరిచేస్తే చిల్లు పడుతుంది, ఆ తర్వాత దానిమీద ఏమీ రికార్డ్ కాదు. కంపెనీ పాటల క్యాసెట్లు ట్యాబ్‌లు లేకుండానే వస్తాయి. వాటిమీద వేరే పాటలు నింపాలంటే చిల్లును సెలోటేపుతో మూస్తే చాలు. మా షాపులో ఆ పని మా ఏడేళ్ళ పాపది, తనకి అదో ఆట. కానీ నా చేతిలో ఉన్నది ఖాళీగా కొన్న క్యాసెట్. దానికి ట్యాబ్‌లు ఉండి తీరాలి. అంటే ఎవరో కావాలనే విరిచారు, మరెవరో మూశారు.

మా ఇంటి ముందు గదే షాపు. బీఎస్సీ చదివి, పిల్లల్ని వదిలి ఉద్యోగానికి వెళ్ళే ధైర్యం చాలక ఈ పని మొదలుపెట్టాను. రోడ్డుమీద లారీ హారన్ మోగితే చాలు, పిల్లలు లోపలే ఉన్నారా అని తొంగిచూసేదాన్ని. డెక్ ముందు కూర్చుంటే మాత్రం నాకు బెరుకుండేది కాదు.

డిసెంబరు మాకు పెద్ద సీజన్. ఆ ఏడు ఎక్కువమంది అడిగిన ఆల్బమ్‌ల పేర్లు పలకమీద రాసి గుమ్మానికి వేలాడదీసేదాన్ని. అందులోంచి నచ్చిన పాటలు ఏరుకుని జనం ‘ఏడాది క్యాసెట్’ నింపించుకునేవారు. కొత్త క్యాసెట్ కొనడమెందుకని చాలామంది పోయినేటిదే తెచ్చేవారు. నిరుడు ప్రాణంగా విన్న పాటలు చెరిగిపోయి, వాటిమీదే ఈ ఏటివి ఎక్కేవి. ఎవరూ బాధపడేవారు కాదు.

ఈ క్యాసెట్ ఇచ్చింది శ్రీశైలం. ఎల్బీనగర్ వైపు వాళ్ళ పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. తండ్రితో కలిసి ప్లాట్లు అమ్మే కుర్రాడు. పొద్దున స్కూటర్ దిగకుండానే అందించాడు.

“అక్కా, పలకమీద మొదటి నాలుగు ఆల్బములు మంచిగున్నయ్. గవే ఎక్కియ్యి. రేపు దోస్తులతోని సాగర్ పోతున్నం. కార్ల పాటల్లేకుంటే నన్నే పాడమంటరు.”

“అది మాత్రం వద్దులే తమ్ముడూ. సాయంత్రం రా.”

అతను వెళ్ళాక రికార్డ్ వదిలేసి ప్లే నొక్కాను. చాలాసేపు గరగర. తర్వాత నీళ్ళలో అడుగుల చప్పుడు, దూరంగా మోటారు పంపు. ఒక ఆడగొంతు పాట ఎత్తుకుంది, పదిమంది అందుకున్నారు. నాట్లు వేస్తూ పాడుకునే పాట. మధ్యలో ఎవరో జారిపడ్డట్టున్నారు, అందరూ నవ్వారు. ఆ గొంతు మాత్రం ఆగలేదు. ఆ నవ్వుల మీదుగానే పాట ముందుకు సాగింది. నేను వేలు ఆపకపోయి ఉంటే ఈపాటికి ఇవేవీ ఉండేవి కావు.

సాయంత్రం శ్రీశైలం రాగానే హెడ్‌ఫోన్ చేతికిచ్చాను.

“ఏందక్కా, అయిందా?” అంటూ నవ్వుతూ పెట్టుకున్నాడు. కాసేపటికి కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

“మా నాయనమ్మ,” అన్నాడు. “గొంతు ఆపరేషన్ అయినకాడి నుంచి మాట లేదక్కా. సైగలే. గీ గొంతు ఇని మూడేండ్లయింది.”

“చిల్లులు మూసిందెవరు?”

“నేనే. సందూకు పెట్టెల దొరికింది. మీట దిగుతలేదంటే సిన్మా క్యాసెట్టే అనుకున్న. ఇంట్ల చెప్పకు అక్కా, నన్ను సంపుతది.”

“నేను చెప్పను. నువ్వే వెళ్ళి ఆవిడని తీసుకురా.”

అతను వచ్చేలోగా డెక్ హెడ్‌ను స్పిరిట్‌తో తుడిచాను. పాత టేపు చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. అందుకని చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి వదులు చేశాను. హైస్పీడ్ కాపీ త్వరగా అవుతుంది గాని అలాంటి టేపు తెగే ప్రమాదం ఉంది. మామూలు వేగంతోనే కొత్త క్యాసెట్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. పిల్లలిద్దరినీ లోపల కూర్చోబెట్టాను, ఎవరి కాలో వైరుకు తగులుతుందని నా భయం.

ఆవిడ స్కూటర్ దిగి వచ్చేసరికి కాపీ పూర్తయింది. నేను “కూర్చోండి మామ్మగారూ” అంటున్నా వినకుండా చెయ్యి చాపారు. పాత క్యాసెట్ ఇచ్చాను. లేబుల్ వైపు చూడనేలేదు. బొటనవేలితో అంచు తడిమి చూసి, గోటితో సెలోటేపు పీకి మనవడి నుదుటిమీద అతికించారు. రెండోది చెంపమీద.

“దుబాయ్ నుంచొచ్చినప్పుడు చిన్నాయన రికార్డ్ చేసిండంట, నాయిన ఇప్పుడే చెప్పిండు,” అన్నాడు శ్రీశైలం, అవి తీసేసుకోకుండానే. “ఆఖరిసారి నాటేసిన నాడు. గిక్కడ ఇరగ్గొడితే ఎవ్వడు చెరపలేడని చెప్పిండంట. సూదితోని తనే ఇరగ్గొట్టింది.”

ఆవిడ కొత్త క్యాసెట్‌ను కూడా అందుకుని, చెయ్యి తిప్పి నన్నేదో అడిగారు. నాకు అర్థమైంది. స్క్రూడ్రైవర్ ఇచ్చాను. రెండు ట్యాబ్‌లూ టక్, టక్‌మని ఆవిడే విరిచారు.

శ్రీశైలం పాటలు వేరే క్యాసెట్‌లో నింపాను. మొదటి పాటగా పలకమీద లేనిది అడిగాడు.

“దోస్తులు నవ్వుతరేమో,” అన్నాను, అతని యాసలోనే.

“నవ్వనియ్యి. నాయనమ్మ పాటలనే నవ్వులున్నయ్ గదా.”

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ పని చేశాను. ఏ క్యాసెట్ వచ్చినా రెండు వైపులా, మధ్యమధ్యలో ఆగి విన్నాకే రికార్డ్ మీట నొక్కాను. తొందరగా కావాలన్నవాళ్ళు వేరే షాపుకు వెళ్ళారు. వెళ్ళనిచ్చాను.

ఆవిడ వచ్చివెళ్ళిన మర్నాడు పొద్దున పాప అలవాటుగా సెలోటేపు కోసం చెయ్యి చాపింది, దాని తమ్ముడు కత్తెర పట్టుకుని వెనకే నిలబడ్డాడు. ఆ చుట్ట తీసి పై అరలో పెట్టి చెప్పాను: “ఇకనుంచి చిల్లు కనిపిస్తే ముందు నన్ను పిలవండి. కొందరు అలా చిల్లు పెట్టి మనకో మాట చెబుతారు.”

“ఏమని?” అంది పాప.

“ఉండనివ్వమని.”