సందులో పెట్టిన జనరేటరు

మార్చి నెలాఖరులో ఆ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. నాచారం పారిశ్రామికవాడలో విద్యుత్ పరికరాలను పరీక్షించే ఒక ప్రైవేటు కేంద్రంలో నేను సీనియర్ టెస్ట్ ఇంజనీరుని. అది ఉద్యోగంలో నా చివరి వేసవి. ఫైలు అట్ట మీద మేనేజరు గారి చేతిరాత: 'పోర్టబుల్ పెట్రోల్ జనరేటరు, గృహావసరాలకు, పూర్తి మూల్యాంకనం.' పూర్తి మూల్యాంకనం అంటే మా లెక్కలో రెండు భాగాలు. మొదటిది మా షెడ్డులో చేసే పరీక్ష. రెండోది ఫీల్డ్ ట్రయల్, అంటే ఆ యంత్రాన్ని నిజంగా వాడుకునే ఒక ఇంట్లో పెట్టి కొన్నాళ్లు నడిపి చూడటం. రెండూ అయ్యాక రిపోర్టు మీద ముందు నా సంతకం, తర్వాత మేనేజరు గారిది. నా సంతకం పడనిదే ఆయన పెన్ను మూత తీసేవారు కాదు. అందుకే నాకు కొంచెం తలబిరుసు అని మా టెక్నీషియన్లు చాటుగా అనుకునేవారు. వాళ్లు అనుకున్నది నిజమే.

యంత్రం తయారుచేసినాయన పేరు యాదగిరి. జనగామ వైపు నుంచి వచ్చి, కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చుట్టే పనిలో సగం జీవితం గడిపి, ఉప్పల్‌లో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని సొంతంగా జనరేటర్లు బిగించడం మొదలుపెట్టాడు. ఇంజను బయట కొంటాడు. కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు మాత్రం తన చేత్తో చుట్టిందే. ఎండలు ముదరకముందే సరుకు కావాలని ఒక డీలరు అడుగుతున్నాడు, కానీ మా రిపోర్టు చూపిస్తేనే తీసుకుంటానన్నాడు. కాబట్టి యాదగిరి రోజుకు రెండుసార్లు ఫోన్ చేసేవాడు. నేను ఒకసారి ఎత్తేదాన్ని.

మొదటి రోజే ఇద్దరికీ పేచీ వచ్చింది. యంత్రం మీది రేకు పలకపై పెద్ద అక్షరాల్లో రాసిన సామర్థ్యం, అది కొద్ది క్షణాలు మాత్రమే మోయగల గరిష్ఠ లోడు. గంటల తరబడి మోయగలిగింది అంతకంటే తక్కువ. అది ఎక్కడా లేదు. కొనేవాళ్లు పెద్ద అంకె చూసి ఫ్రిజ్జూ మోటారూ అన్నీ తగిలిస్తారు, అరగంటలో వైండింగ్ కాలుతుంది. "అందరు గట్లనే రాస్తున్నరు మేడం, నేనొక్కన్ని చిన్నగ రాస్తే నాది ఎవడు కొంటడు?" అన్నాడు. అందరివీ నా బల్ల మీదికి రాలేదు, మీదే వచ్చింది అన్నాను. మర్నాడు కొత్త పలక కొట్టించుకొచ్చాడు. మనిషి మొండివాడే గాని మాట వింటాడు. నాకు అప్పుడే నచ్చాడు.

షెడ్డులో పరీక్ష పది రోజులు సాగింది. లోడ్ బ్యాంక్ అని ఒక ఇనుప బీరువా ఉంటుంది, దాని నిండా వేడెక్కే తీగచుట్టలు. ఎంత లోడు కావాలంటే అంత కొలిచి ఇవ్వచ్చు. పావు లోడు, సగం, పూర్తి లోడు. ప్రతి మెట్టు దగ్గరా వోల్టేజీ ఎంత పడింది, ఫ్రీక్వెన్సీ ఎంత జారింది, వైండింగ్ ఎంత కాగింది, పెట్రోలు ఎంత తాగింది అని రాసుకోవాలి. ఫ్రిజ్జు కంప్రెసరు స్టార్టయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకు యాదగిరి యంత్రం ఒక్కసారి మూలిగి మళ్లీ నిలదొక్కుకుంది. తాడు లాగి స్టార్ట్ చేసే పని మా టెక్నీషియన్లకు వదలకుండా నేనే చేశాను. ఇంట్లో కరెంటు పోయినప్పుడు పక్కన పహిల్వాన్లు ఎవరూ ఉండరు కదా. మూడోసారి లాగితే అందుకుంది. సైలెన్సర్ దగ్గర పొగ కూడా కొలిచాను. పెట్రోలు ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, అది మనిషి నెత్తుట్లో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట తాను కూర్చుంటుంది. దాన్ని కొలిచే మీటరు అరచేతిలో పడుతుంది. ఈ తరగతి ఇంజనుకు ఎంత రావచ్చో అంతే వచ్చింది. 'బహిరంగ ప్రదేశంలో మాత్రమే వాడాలి' అన్న షరతుతో మొదటి భాగం పాసైంది.

ఫీల్డ్ ట్రయల్‌కు ఇల్లు చూపించాల్సిన బాధ్యత తయారీదారుదే. యాదగిరి రామంతాపూర్‌లో తన అక్క ఇల్లు చూపించాడు. అక్క పేరు అనసూయమ్మ, బావ రాజయ్య. రాజయ్య నాచారంలో ఇనుము పోతపోసే కార్ఖానాలో ముప్పై ఏళ్లు చేసి, ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. గదిలో గాలిని లాక్కుని అందులోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి గొట్టంలో పంపే కాన్సంట్రేటరు ఒకటి రోజంతా ఆయన మంచం పక్కన నడవాలి. ఆ బస్తీలో చెట్ల కొమ్మలు కొట్టడానికనీ, రోడ్డు పనికనీ, లోడు ఎక్కువై ట్రాన్స్‌ఫార్మర్ కాలిందనీ మధ్యాహ్నాలు కరెంటు పోయేది. ఇన్వర్టరు బ్యాటరీ పాతబడింది. ఇంట్లో ఒక చిన్న ఆక్సిజన్ సిలిండర్ ఉన్నా అది గంట సేపటికే. యాదగిరి అసలు ఈ యంత్రం మొదలుపెట్టిందే బావ కోసమని ఆ రోజు నాకు తెలిసింది. "మా బావ నాకు పని నేర్పిండు మేడం. ఇంట్ల పెట్టుకుని అన్నం పెట్టిండు. ఆయనకు కరెంటు పోవద్దు, గంతే" అన్నాడు.

ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి. యంత్రం ఎక్కడ పెట్టారో మేం వెళ్లి చూసి ఫారం నింపాలన్నది నియమం. ఆ వారం మా దగ్గర ఆడిట్ నడుస్తోంది, నాకు తీరిక లేదు. యాదగిరి ఫోన్‌లో ఫొటో పంపాడు. జనరేటరు, రెండు వైపులా గోడలు, పైన నీలంగా ఆకాశం. మెయిన్ కరెంటూ జనరేటరు కరెంటూ ఒకదాన్నొకటి తాకకుండా చూసే చేంజోవర్ స్విచ్ పెట్టారా అని అడిగాను, దాని ఫొటో కూడా పంపాడు. పైన కప్పు లేదు కాబట్టి 'బహిరంగ ప్రదేశం' అని రాసి సంతకం చేసేశాను.

నాలుగో రోజు మధ్యాహ్నం నడిచిన గంటలు రాసుకుందామని రామంతాపూర్ బయల్దేరాను. ఉప్పల్ చౌరస్తాలో షేర్ ఆటో మారి దిగేసరికి చీర చెమటకు తడిసింది. సందు మొదట్లోనే ఇంజను చప్పుడు వినిపించింది, కరెంటు లేదన్నమాట. అనసూయమ్మ నన్ను నేరుగా రాజయ్య గదిలోకే తీసుకెళ్లి కూర్చోబెట్టింది, ఇంట్లో చల్లగా ఉండేది అదే మరి. కిటికీకి బిగించిన కూలరు నిండుగా గాలి కొడుతోంది. తలుపు ఓరగా వేసి ఉంది. కొత్తగా వేసిన వట్టివేళ్ల వాసన గది నిండా. రాజయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు, గొట్టం ముక్కుకుంది, కాన్సంట్రేటరు బుస్సుమంటోంది. ఈ ఇంటి ఫొటో మా రిపోర్టు అట్ట మీద వేయించాలి అనుకున్నాను.

యంత్రం ఎలా ఉందమ్మా అని అడిగితే అనసూయమ్మ సంబరపడిపోయింది. నేనే తాడు గుంజుతున్నా, తమ్ముడు బంగారమసొంటి మిషిను చేసిండు అంది. తర్వాత గొంతు తగ్గించి, "గీ మూడు దినాల సంది ఈయనకే జర తలకాయ నొస్తున్నది. ఎండకు అనుకున్న. నాకు గూడ కడుపుల తిప్పుతున్నది. కని ఏం ఫికర్ లేదు, ఏలికి పెట్టి సూసిన, తొంభై ఆరున్నది" అంది. వేలికి తొడిగి నెత్తుటిలో ఆక్సిజన్ చూపించే ఆక్సీమీటరు గురించి ఆమె చెబుతోంది.

తల నొప్పి ఎప్పుడు మొదలవుతుందని అడిగాను. కరెంటు పోయిన కాసేపటికి, అంది. కరెంటు వచ్చి కాసేపైతే తగ్గుతుందట.

లేచి కూలరు పక్కనుంచి కిటికీ సందులోంచి బయటికి చూశాను. మూడడుగుల సందు. ఇవతల ఈ ఇంటి గోడ, అవతల పక్కింటి గోడ. ఆ రెంటి మధ్య, కూలరు వీపుకు బారెడు దూరంలో జనరేటరు. సైలెన్సర్ ముక్కు కూలరు వైపే ఉంది. ఫొటోలో కూలరు పడలేదు, ఎందుకంటే యాదగిరి దాని పక్కన నిలబడే ఫొటో తీశాడు. కూలరు చేసే పనల్లా బయటి గాలిని లాగి లోపలికి కొట్టడం. సంచిలోంచి మీటరు తీసి కూలరు ముందు పట్టుకున్నాను. అంకె మూడు స్థానాల్లోకి వెళ్లి మీటరు అరవడం మొదలుపెట్టింది.

ముందు జనరేటరు కట్టేశాను. తలుపులన్నీ బార్లా తెరిచి, అనసూయమ్మా నేనూ రాజయ్యను నడిపించుకుంటూ ముందు వసారాలోకి తెచ్చి, చిన్న సిలిండర్ గొట్టం పెట్టాం. పక్కింటివాళ్లు ఆటో పిలిచారు. యాదగిరి ఉప్పల్ నుంచి నేరుగా దవాఖానాకు వచ్చాడు.

రక్తపరీక్షలో మోనాక్సైడ్ కనబడింది. మంచి సమయానికి తెచ్చారని డాక్టరు గారు అన్నారు. వేలికి పెట్టే మీటరుకు ఆక్సిజన్‌కూ ఈ గ్యాసుకూ తేడా తెలియదనీ, రెండింటినీ కలిపి తొంభై ఆరు చూపిస్తుందనీ ఆయనే వివరించారు. నాకు యంత్రాలు తెలుసు గాని ఈ సంగతి తెలియదు. పైగా మంచం పక్కనున్న కాన్సంట్రేటరు లాక్కునేది కూడా ఆ గది గాలినే. దానికీ ఆ గ్యాసును ఆపే శక్తి లేదు.

యాదగిరి మొదట వాదించాడు. "నీళ్లల్ల తడిసిన వట్టివేర్లకెళ్లి వస్తది కదా మేడం గాలి, పొగ ఆగదా?" అన్నాడు. దుమ్ము ఆగుతుంది, ఇది ఆగదు అన్నాను. అక్కడ ఎందుకు పెట్టావని అడిగాను. ఆగ్నేయం మూల అగ్నికి మంచిదని అక్క చెప్పిందట, పైగా గేటు దగ్గర పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని భయమట. తర్వాత మెట్ల మీద కూలబడి, "నా చేతులతోటే పెట్టిన మేడం" అని ఒకే మాట అంటూ ఉండిపోయాడు. రిపోర్టు సంగతి ఎత్తనే లేదు. నాకు చాలా సిగ్గేసింది. పెట్టింది అతనే, కానీ 'బహిరంగ ప్రదేశం' అని రాసి సంతకం చేసింది నేను. ఆ మాట అతనితో అన్నాను. మర్నాడు మేనేజరు గారికి రాతపూర్వకంగా కూడా ఇచ్చాను. ఆయన చదివి, మళ్లీ చేయండి అని ఒక్క ముక్క రాసి ఫైలు వెనక్కి పంపారు.

రాజయ్య ఒక రాత్రి దవాఖానాలో ఉండి ఇంటికి వచ్చాడు. తలనొప్పి పోయింది. ట్రయల్‌కు వేరే ఇల్లు చూద్దామా అని నేను అడిగితే ఆయనే వద్దన్నాడు. "మా బామ్మర్ది చేసింది మా ఇంట్లనే పాస్ కావాలె" అన్నాడు.

ఈసారి ఫొటోలు లేవు. నేనూ యాదగిరీ అగరొత్తి వెలిగించి ఇల్లంతా తిరిగాం. ప్రతి కిటికీ దగ్గరా, తలుపు దగ్గరా పొగ ఎటు పోతుందో చూసి కాగితం మీద గీసుకున్నాం. చివరికి గేటు పక్కన, కిటికీలకు దూరంగా, సైలెన్సర్ రోడ్డు వైపు తిప్పి పెట్టాం. యాదగిరి చక్రాల స్టాండు చేసి గొలుసుతో గేటుకు తాళం వేశాడు. లావుపాటి పొడవు కేబులు వేశాడు. మంచం దగ్గర ఆ గ్యాసు వస్తే అరిచే అలారం ఒకటి తగిలించాడు. గేటు ఆగ్నేయం కాదు కదా, ఏమంటావని అక్కను భయపడుతూ అడిగాడు. అనసూయమ్మ క్షణం ఆలోచించి, "ఆగ్నేయంల పొయ్యి ఉండనే ఉన్నది. అగ్గికి గా పొయ్యే సాలు తియ్యి" అంది. వాస్తు అంత తేలిగ్గా పరిష్కారం కావడం నేను మళ్లీ చూడలేదు.

రెండో ట్రయల్ మొదటి రోజు మెయిన్ కట్టేసి జనరేటరు మీద కూలరూ కాన్సంట్రేటరూ నడిపించి, నేను రాజయ్య మంచం పక్కనే కుర్చీ వేసుకుని గంటసేపు కూర్చున్నాను, మీటరు చేతిలో పట్టుకుని. అంకె సున్నా దగ్గరే ఉండిపోయింది. రాజయ్య నన్నే చూస్తున్నాడు. "మేడం, మీకు గూడ ఒక గొట్టం పెట్టమంటరా?" అన్నాడు. అంత ఆయాసంలోనూ నవ్వాడు, ఆ గదిలో అందరం నవ్వాం.

పది రోజుల తర్వాత రిపోర్టు మీద సంతకం చేశాను. డీలరు ఆలస్యానికి విసుక్కున్నాడు గాని సరుకు తీసుకున్నాడు. యాదగిరి ప్రతి యంత్రం మీదా, పెట్రోలు మూత పక్కన, అక్క చెప్పిన మాటలనే పలకగా కొట్టించాడు: 'కిటికీ దగ్గర పెట్టొద్దు. కూలరు దిక్కు అసలే పెట్టొద్దు. పైన ఆకాశం కనబడితే సాలదు.' భాష సవరించాలా అని నన్ను అడిగాడు. ఒక్క అక్షరం ముట్టుకోవద్దన్నాను.

మా ఫీల్డ్ ట్రయల్ ఫారంలో 'ప్రదేశం' అన్న గడి కింద ఇంకో గడి చేర్పించాను: 'ఇంట్లోకి గాలి ఎటు నుంచి వస్తోంది?' ఉద్యోగంలో మిగిలిన నెలల్లో ఏ ఇంటికి వెళ్లినా యంత్రం దగ్గర తక్కువసేపు, దాన్ని నమ్ముకున్న మనిషి గదిలో ఎక్కువసేపు గడిపాను. ఆ గాలి గంటసేపు నేను పీల్చి చూశాకే సంతకం పెట్టాను. షెడ్డులో నేను పరీక్షించింది జనరేటరును మాత్రమే. రాజయ్య పీల్చింది జనరేటరూ, సందూ, కూలరూ కలిసి ఇచ్చిన గాలిని.