ఖాళీ గొట్టంలో జొన్నలు

ఈ కబురు నాకు మొదట తెచ్చింది మా ల్యాబులో గాజుసామాను కడిగే అక్క. నస్పూర్ బొగ్గుబాయి క్వార్టర్లలో పెరిగిన మనిషి, మాట దాచుకోదు. నేను మధ్యాహ్నం టిఫిను డబ్బా విప్పి, కళ్లు మూసుకుని దేవునికి కృతజ్ఞత చెప్పుకుంటున్నాను. ఆమెన్ అనేదాకా గుమ్మంలోనే ఆగింది. అనగానే లోపలికి వచ్చింది.

"చెల్లే, నీ ఇచ్చోడ డబ్బాలల్ల జొన్నలున్నయట. సార్ అన్నీ పారెయ్యమన్నడు. నేనింక ముట్టలే. ఫ్రీజర్ తాళంచెవి దొరుకుతలేదని చెప్పిన."

"తాళంచెవి యాడున్నదక్కా?"

"నా కొంగుకే ఉన్నది. నువ్వు జల్ది పో."

ఆ డబ్బాలేమిటో చెప్పాలి. మనిషి పేగుల్లో కంటికి కనబడని జీవులు కాపురముంటాయి. వాటి డీఎన్ఏ చదివి, ఏ కడుపులో ఏవున్నాయి, ఏ తిండికి ఏవి పెరుగుతాయి అని తెలుసుకోవడం నా వృత్తి. అందుకు మలం కావాలి. పట్నం మనుషుల మలం గురించి రాసినవి బోలెడున్నాయి. జొన్నరొట్టె తిని, అంబలి తాగి, పత్తిచేన్లలో రోజంతా వంగి ఉండే ఆడవాళ్ల కడుపు గురించి వెతికితే దాదాపు ఏమీ దొరకదు. అందుకే ఇచ్చోడ దగ్గర హైవే దిగి లోపలికి పోతే వచ్చే ఒక ఊరిని ఎంచుకున్నాను.

ఇంటికొక డబ్బా ఇచ్చాను. అందులో రెండు గొట్టాలు. ఒకదాంట్లో మలం పెట్టాలి. రెండోది ఖాళీది. దాని మూత కాసేపు తీసి ఉంచి, మళ్లీ మూసి, ఖాళీగానే ఇచ్చేయాలి. గాలిలోంచి, చేతుల్లోంచి, మేం ల్యాబులో వాడే రసాయనాల్లోంచి ఏ సూక్ష్మజీవులు వచ్చి చేరుతున్నాయో ఆ ఖాళీ గొట్టమే చెబుతుంది. వాటిని పక్కకు తీసేస్తేనే మిగిలినవి కడుపులోవని నమ్మగలం.

ఆ ఖాళీ గొట్టాల్లో జొన్నలు. ఒక్కోదాంట్లో నాలుగైదు గింజలు, చక్కగా చెరిగినవి.

నేను వెళ్లేసరికి మా ల్యాబు పెద్దసారు కాగితం సిద్ధం చేసి పెట్టారు. "పాల్గొన్నవారు సహకరించలేదు. ఈ ఊరిని అధ్యయనం నుంచి తొలగించాలి." కింద నా సంతకానికి చోటు.

"చూడమ్మా, ఒక్క పని చెప్పినట్టు చెయ్యలేనివాళ్లు రెండోది సరిగా చేశారని ఎట్లా నమ్ముతాం? వేరే ఊరు చూసుకో. సంతకం పెట్టు."

"గొట్టాలు పనికిరావు సార్, ఒప్పుకుంటాను. సహకరించలేదన్న మాట ఒప్పుకోను. ఎందుకు వేశారో అడగకుండా సంతకం పెట్టను."

"జొన్నలెందుకు వేశారో దానిమీద ఇంకో పరిశోధనా?" ఆయన నవ్వారు. పక్కనున్నవాళ్లూ నవ్వారు. "ఇంట్లో కూచుని చదువుకున్నవాళ్లతో ఇదే చిక్కు. బడికి పోతే చెప్పింది చెయ్యడం అలవాటయ్యేది."

నిజమే, నేను బడికి పోలేదు. చిన్నప్పుడు నా కడుపు నిలకడగా ఉండేది కాదు. తరగతిలోంచి గడియకోసారి బయటికి ఉరికే పిల్లను బడివాళ్లు వద్దన్నారు. మా అవ్వ వంటింట్లో కూచోబెట్టి చదువు చెప్పింది. సువార్తల్లో అక్షరాలు నేర్పింది, పిండి పులియబెట్టి సైన్సు నేర్పింది. ఎందుకు అని అడిగినందుకు ఏనాడూ కసరలేదు. తనకు తెలియకపోతే "నాకెర్క లేదు బిడ్డా, నువ్వే సూడు, దేవుడు సూపిస్తడు" అనేది. పదో తరగతి ఓపెన్ స్కూలులో రాశాను. ఆ తర్వాత కాలేజీ, ఆపైన సూక్ష్మజీవుల జన్యువుల చదువు. అందుకని సారు మాటకు నాకు సిగ్గు కలగలేదు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడం నాకు నిజంగానే అలవాటు కాలేదు. అందుకు దేవునికి స్తోత్రం.

మర్నాడు కరీంనగర్‌లో బస్సెక్కి, నిర్మల్‌లో మారి, ఆ ఊరు చేరాను. మొదట ఒక ముసలవ్వ ఇంటికే వెళ్లాను. అక్కడి రేకుల చర్చిలో పాట ఎత్తుకునేది ఆమె. పత్తి ఏరడానికి ఆడవాళ్లను కూడేసేదీ ఆమే. మొదటిసారి డబ్బాలన్నీ ఆమె చేతిమీదుగానే ఇళ్లకు వెళ్లాయి. పొయ్యి ముందు కూచుని రొట్టె తడుతోంది. పక్కింటామె తోడుగా ఉంది.

"వందనాలు అవ్వా. గా ఖాళీ గొట్టాలల్ల జొన్నలు ఎవలేసిన్రు?"

"నేనే ఏసిన. అందరితోని నేనే ఏయించిన. ఏమైంది, పురుగు పట్టినయా? మంచి జొన్నలే గదా!"

"ఏం ఎయ్యద్దని చెప్పిన గదవ్వా."

"చెప్పినవ్. మర్యాదకన్నవ్ అనుకున్న. ఎవలైన గట్లనే అంటరు, వద్దు వద్దు అని. ఒకలింటి గిన్నె మనింటికొస్తె ఖాళీగ పంపుతమా? ఏం లేకుంటె చిటికెడు ఉప్పైన ఏసి పంపుతం. నువ్వు గంత దూరంకెళ్లి డబ్బా తెచ్చిస్తె, ఒకదాంట్ల పియ్యి పెట్టి, ఇంకోదాంట్ల ఏం లేకుంట ఇస్తమా? మమ్ముల ఏం మనుషులనుకున్నవ్?"

పక్కింటామె అందుకుంది. "నేను బెల్లం ఏస్తనన్న. చీమలు పడ్తయని గీమెనే వద్దన్నది."

నాకు నవ్వు ఆగలేదు. నవ్వు ఆగాక తల ఎత్తలేకపోయాను. మా ఇంట్లోనూ ఖాళీ గిన్నె గడప దాటేది కాదు. అయినా నాకు తట్టలేదు. నా కంటికి అది గొట్టం, వాళ్ల కంటికి ఒకరి ఇంటినుంచి వచ్చిన గిన్నె. ఏమీ వేయొద్దని చెప్పాను కానీ ఎందుకో చెప్పలేదు. ఎందుకు అని అడుగుతూ పెరిగినదాన్ని, ఒకరికి చెప్పాల్సి వచ్చినప్పుడు మరిచాను.

అప్పుడు చెప్పాను. "జల్లెడ పట్టేముందు దాంట్ల పాత పిండి ఏమన్న ఉన్నదా అని సూస్తవ్ గదవ్వా? గా ఖాళీ గొట్టం గందుకే."

ఆమె చేతిలో రొట్టె ఆగింది. "గీ ముచ్చట ముందుగాల చెప్పద్దా? మస్తు సదివినవ్ గని. ఫికర్ చెయ్యకు, మల్ల తే డబ్బాలు. అందరికి నేను చెప్త."

కొత్త డబ్బాలు తీసుకుని వారానికి మళ్లీ వెళ్లాను. ఆమె మోకాలి నొప్పితోనే నా వెంట ఇంటింటికీ నడిచింది. "మూత తియ్యుర్రి, ముయ్యుర్రి. చెయ్యి పెట్టిన్రంటె సూడుర్రి!" అని గద్దించింది. ఒకామె చాటుగా గింజలు పట్టుకొస్తే చేతిమీద ఒక్కటేసింది. చివరికి తన వంతు వచ్చినప్పుడు మాత్రం గొట్టం పట్టుకుని అట్లాగే నిలబడింది.

"చేతులొస్తలేవు బిడ్డా."

కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. మూత పెట్టి నాకిచ్చింది.

"ప్రార్థన చేసి మూసిన. గది కనబడ్తదా నీ మిషన్ల?"

"కనబడదవ్వా."

"మంచిగైంది. ఉండనీ మరి."

ఆ గొట్టానికి నోటిగాలి తగిలిందని నా కాగితంలో రాసుకున్నాను. ప్రార్థన సంగతి రాయలేదు.

కరీంనగర్ తిరిగొచ్చి, పాత గొట్టాలను పద్ధతి ప్రకారం నా చేతులతోనే పారేశాను. పెద్దసారు కాగితంలోని వాక్యం కొట్టేసి దాని పైన రాశాను: "ఖాళీ గొట్టం ఎందుకో పరిశోధకురాలు వివరించలేదు. తప్పు ఆమెది. నమూనాలు మళ్లీ సేకరించాం." దాని కింద సంతకం చేశాను.

"ఇట్లా రాస్తే నీ ఉద్యోగం పొడిగింపు ఆగుతుంది తెలుసా?"

"ఆగనివ్వండి సార్. ఊరు ఆగదు."

పొడిగింపు నిజంగానే ఆగింది. కొన్ని నెలలు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ఆ నమూనాల ఫలితాలను ఇంట్లో పాత కంప్యూటరు మీద చదివాను. ఇంట్లో కూచుని చదవడం నాకు కొత్త కాదు కదా. మరో ల్యాబువారు పిలిచి పని ఇచ్చారు, వారికి నా వందనాలు. వ్యాసం అచ్చుకు వెళ్లేముందు, అందులో జొన్నల గురించి నేను రాసిన రెండు వాక్యాలు అనవసరం, తీసేయమని పత్రిక తరఫు పరిశీలకులొకరు రాశారు. తీయనని జవాబిచ్చాను. ఆ రెండు వాక్యాలు అచ్చులో ఉన్నాయి, ఆ ఊరి ఆడవాళ్ల కడుపులో ఏముందో చెప్పే పట్టికా ఉంది.

అది అచ్చయ్యేనాటికి ఆ అవ్వ లేదు. నమూనా ఇచ్చినవాళ్ల పేర్లు రాయకూడదన్నది మా వృత్తి నియమం, మంచి నియమమే. వ్యాసంలో ఆమె ఒక అంకె మాత్రమే. మీరు ప్రార్థించేవారైతే ఒక పూట ఆమె కుటుంబాన్ని దేవుని ముందు పెట్టండి. ప్రార్థించనివారైతే ఊరికే ఒకసారి తలుచుకోండి. సహకరించలేదని తన ఊరిని కొట్టేయబోతే, నొప్పి మోకాలితో ఇంటింటికీ నడిచి దాన్ని నిలబెట్టిన మనిషి ఆమె.