బాలింతకు చెంబెడు నీళ్ళు

2001 వేసవిలో మా చెల్లెలు తొలికాన్పుకు తిరువూరులోని మా పుట్టింటికి వచ్చింది. బాలింత నీళ్ళు తాగితే ఒంటికి నీరు పడుతుందని అమ్మ పూటకు రెండు గుక్కలే ఇచ్చేది. కాన్పయిన మూడో రోజుకు చెల్లెలు పెదవులు పగిలి, కళ్ళు తిరిగి మంచం మీద ఒరిగిపోయింది. నేను కాచి చల్లార్చిన నీళ్ళు చెంబుతో తెస్తే అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"దానికేమన్నా అయితే నీదే పూచీ!"

"నాదేలే, తప్పుకో అమ్మా. దాహమేస్తే నీళ్ళు తాగాలని తెలియడానికి నా డిగ్రీ కూడా అక్కర్లేదు."

చెల్లెలు చెంబెడూ గటగటా తాగేసింది. అమ్మ తిడుతుందనుకున్నాను. కొంగుతో కళ్ళొత్తుకుంది.

"నా నాలుగు కాన్పుల్లో నాకోసం ఒక్కరూ ఇట్టా పోట్లాడలేదే" అంది.

నన్ను గయ్యాళి అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అననివ్వండి. ఆ తర్వాత మా ఇంట్లో ఏ బాలింతా దాహంతో పడుకోలేదు.